1812 ఆగస్టు 19 నాటి కాన్‌స్టిట్యూషన్: 1:96 నమూనా పని డైరీ

ఓడ: అమెరికా నౌకాదళపు ఫ్రిగేట్ (తెరచాపల యుద్ధనౌకల్లో ఒక రకం) కాన్‌స్టిట్యూషన్. స్కేలు: 1:96, అంటే అసలు ఓడలో ఒక అడుగు ఇక్కడ 3.175 మి.మీ. పద్ధతి: ప్లైవుడ్ అడ్డుపలకల మీద రెండు పొరల చెక్కపట్టీలు.

కుదిరిన పనిని ఇందులో ఒకటి రెండు వాక్యాల్లో దాటేశాం. చెడిన పని, అది ఎందుకు చెడింది, విప్పి మళ్లీ ఎలా కట్టాం అన్నదానికే ఎక్కువ చోటు ఇచ్చాం. ఇదే ఓడ మొదలుపెట్టేవాళ్లకు పనికొచ్చేది ఆ భాగమే. ఓడ ముందు భాగాన్ని అణియం అని, వెనుక భాగాన్ని అమరం అని మన తీరం మాటలే వాడాం.

దశ 1: తేదీ ఖాయం చేసుకోవడం

మొదటి తప్పు కాగితం మీదే జరిగింది. 1927–31 మరమ్మతు కాలపు నౌకాదళ ప్లాన్లు ముందు పెట్టుకుని, అణియానికి మాత్రం 1797లో ఉన్న హెర్క్యులిస్ బొమ్మ చెక్కాం. బొమ్మ బాగానే వచ్చింది. అయితే ఆ బొమ్మ, ఆ ప్లాన్లలోని ఓడ ఏ రోజునా కలిసి సముద్రం మీద లేవు. 29 గంటల పని పక్కన పెట్టాల్సి వచ్చింది.

ఈ ఓడ సర్వీసు చరిత్ర రెండు శతాబ్దాలు దాటింది. అసలు చెక్కలో ఇప్పుడు మిగిలింది 10–15 శాతమే అంటారు. కాబట్టి ‘కాన్‌స్టిట్యూషన్ నమూనా’ అన్న మాట చాలదు, ఏ రోజు కాన్‌స్టిట్యూషనో చెప్పాలి. ఉలి పట్టకముందే ఈ జాబితా రాసుకుని ఉండాల్సింది:

1. 1797 అక్టోబర్ 21: బోస్టన్‌లో ఎడ్మండ్ హార్ట్ యార్డులో నీళ్లలోకి దిగింది. అంతకు ముందు సెప్టెంబర్‌లో రెండుసార్లు ప్రయత్నించారు. మొదటిసారి 27 అడుగులు, రెండోసారి ఇంకో 31 అడుగులు జారి ఆగిపోయింది. అణియం మీద స్కిల్లిన్ సోదరులు చెక్కిన హెర్క్యులిస్.
2. 1803: ఉత్తర ఆఫ్రికాలోని ట్రిపోలీ మీదికి వెళ్లే ముందు అడుగున కొత్త రాగిరేకు వేశారు. రేకు పాల్ రెవీర్ మిల్లుది.
3. 1804 సెప్టెంబర్ 12: ప్రెసిడెంట్ అనే సాటి ఫ్రిగేట్‌తో ఢీకొంది. అణియం దెబ్బతింది, హెర్క్యులిస్ పోయింది.
4. 1812 ఆగస్టు 19: ఐజాక్ హల్ నాయకత్వంలో బ్రిటిష్ ఫ్రిగేట్ గెరియర్ మీద గెలుపు. అణియం మీద బొమ్మ లేదు, మెలిక తిరిగిన చెక్కడం మాత్రమే. 32 పౌన్ల గుండు కాల్చే కారొనేడ్లు (దగ్గర నుంచి కొట్టే పొట్టి ఫిరంగులు) 24.
5. 1812 డిసెంబర్ 29: బ్రెజిల్ తీరం దగ్గర బ్రిటిష్ ఫ్రిగేట్ జావాతో పోరు, కెప్టెన్ విలియం బెయిన్‌బ్రిడ్జ్. చుక్కాని చక్రం గుండు దెబ్బకు ఎగిరిపోయింది. జావాను తగలబెట్టే ముందు దాని చక్రాన్ని ఊడదీసి ఇక్కడ బిగించారు.
6. 1815 ఫిబ్రవరి 20: చార్లెస్ స్టీవర్ట్ కింద సయేన్, లెవాంట్ అనే బ్రిటిష్ ఓడల పట్టివేత. పై డెక్ మీద కారొనేడ్లు తగ్గాయి.
7. 1834: అణియం మీద ఆండ్రూ జాక్సన్ బొమ్మ. ఆ జులైలోనే ఒకతను రాత్రివేళ వచ్చి దాని తల కోసుకుపోయాడు.
8. 1871–77 ఫిలడెల్ఫియా, 1927–31 బోస్టన్, 1992–96, 2015–17: పెద్ద మరమ్మతులు. ఒక్కోసారీ ఆకారం ఎంతో కొంత మారింది.

నాలుగో తేదీ ఎంచుకున్నాం. కారణం రుజువులు. పోరు తర్వాత మిషెల్ ఫెలిచే కోర్నే వేసిన నాలుగు చిత్రాలున్నాయి. ఓడ మనుషులు చేసి హల్‌కు ఇచ్చిన నమూనా సేలం ఊళ్లో పీబడీ ఎసెక్స్ మ్యూజియంలో ఉంది. ఈ రెండూ ఆ కాలానివే. ప్లాను, చిత్రం, పాత నమూనా ఒకదానితో ఒకటి తగాదా పడితే ఏది నెగ్గాలో ముందే నియమం పెట్టుకున్నాం: పొట్టు (ఓడ ఒళ్లు) ఆకారానికి ప్లాను, రంగుకూ అలంకారానికీ ఆ కాలపు వస్తువు.

ఇంకో చిక్కు అమరం దగ్గర ఉంది. 1812 జులైలో బ్రోక్ నాయకత్వంలోని బ్రిటిష్ దళం న్యూజెర్సీ తీరం దగ్గర ఈ ఓడను 57 గంటలు తరిమింది. గాలి పడిపోయింది. పడవలు ముందు కట్టి తెడ్లతో లాగారు. తర్వాత చిన్న లంగరును పడవలో ముందుకు తీసుకెళ్లి దించి, ఓడ మీద నుంచి ఆ తాడు లాక్కుంటూ జరిగారు. బరువు తగ్గాలని 2,300 గ్యాలన్ల తాగునీరు సముద్రంలో పోశారు. వెనక్కి కాల్చడానికి అమరం మీది కటకటాలు కోసి తుపాకులు పెట్టారు, ఇంకో రెండింటి మూతులు కెప్టెన్ గది కిటికీల్లోంచి బయట పెట్టారు. ఆగస్టు 19కి మధ్య నెల రోజులే, ఈలోగా దాన్ని బాగుచేశారో లేదో మాకు తెలియదు. అందుకే నమూనాలో ఆ కటకటాల ముక్కను విడిగా, రెండు పిన్నులతో తీసి పెట్టేలా చేశాం. బాగుచేసినట్టు సాదా పలకతో ఒకటి, కోసినట్టు ఒకటి.

ఇప్పటిదాకా: 46 గంటలు, రూ. 1,150.

దశ 2: కీలు (ఓడ అడుగున పొడవునా సాగే వెన్నుకొయ్య), అడ్డుపలకలు

ఇక్కడ మూడు కొలతలు తప్పాయి. మూడూ వేర్వేరు కారణాలతో.

మొదటిది ప్రింటు. ప్లాన్లను ప్రింటు తీసే చోట కాగితానికి సరిపడా కుదించారు. ప్లాను మీద 100 మి.మీ. ఉండాల్సిన గీత 97 వచ్చింది. కంటికి తేడా తెలియదు. కానీ లంబాల మధ్య పొడవు (నీటిగీత దగ్గర ముందు, వెనుక కొసల్లో గీసిన నిలువు గీతల మధ్య దూరం) 175 అడుగులు 555.6 మి.మీ. రావాల్సింది, 539 దగ్గర ఆగింది. నాలుగు అడ్డుపలకలు కోసేశాక వెర్నియర్ పెట్టి చూస్తే బయటపడింది. ఆ నాలుగూ చెత్తబుట్టలోకి పోయాయి.

రెండోది ఏ పొడవు అన్నది. పుస్తకాల్లో 204 అడుగులు కనిపిస్తుంది, 175 కనిపిస్తుంది. 204 అణియం చెక్కడం కొస నుంచి అమరం పైకొస వరకు. 175 లంబాల మధ్య. మొదటి అంకెను రెండోదాని చోట వాడితే ఓడ ఆరో వంతు సాగుతుంది. మా వర్క్‌షీటులో ఒక వరుస ఇలాగే తప్పింది. వెడల్పు 43 అడుగుల 6 అంగుళాలతో నిష్పత్తి తీసి చూసుకుంటే వెంటనే దొరుకుతుంది: 175ను 43.5తో భాగిస్తే 4.02 రావాలి.

మూడోది నీటిగీత. ఓడ ముందు 21 అడుగులు, వెనుక 23 అడుగులు మునుగుతుంది. స్కేలులో తేడా 6.35 మి.మీ. కీలును బల్ల మీద సమంగా పడుకోబెట్టి నీటిగీత గీస్తే అణియం దగ్గర రాగి పైకి తేలి కనిపిస్తుంది. ముందు వైపు 6.35 మి.మీ. చెక్కముక్క పెట్టి ఎత్తి, అప్పుడు గీయాలి.

కొలతలు సరిచేశాక కీలు వంగింది. 5 మి.మీ. ప్లైవుడ్ కీలు, వానాకాలం మూడు వారాలు గోడకు ఆనించి ఉంచితే నడుమ 2.5 మి.మీ. పైకి లేచింది, రెండు కొసలూ కిందికి దిగాయి. అసలు ఓడకు ఉన్న జబ్బూ ఇదే. చెక్క ఓడ నడుమ భాగం లావు కాబట్టి నీరు దాన్ని బాగా ఎత్తి పడుతుంది. అణియం, అమరం సన్నం. వాటి కింద నీటి ఆసరా తక్కువ, పైన మాత్రం తుపాకుల బరువు అలాగే ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ కొసలు వాలి, వెన్ను విల్లులా వంగుతుంది. ఈ ఓడ రూపకర్త జాషువా హంఫ్రీస్ దీన్ని ముందే ఊహించి, పొట్టు లోపల ఏటవాలుగా పెద్ద దూలాలు పెట్టించాడు. పై బరువును అవి కీలు నడుమకు మళ్లిస్తాయి. తర్వాతి మరమ్మతుల్లో ఆ దూలాలు తీసేశారు. 1992లో డ్రైడాక్ (నీరు తోడేసి ఓడను బాగుచేసే రేవు) ఎక్కేసరికి వంపు 13 అంగుళాలకు పైగా ఉంది. ఆ మరమ్మతులో ఏటవాలు దూలాలు తిరిగి పెట్టారు. 13 అంగుళాలు మన స్కేలులో 3.4 మి.మీ. మా కీలు అందులో మూడొంతులకు వచ్చేసింది.

మార్పు:

1. కొత్త కీలు కోసి, రెండు పక్కలా 6 × 6 మి.మీ. టేకు పట్టీలు అంటించాం.
2. 18 మి.మీ. బల్ల మీద కీలు దూరేలా రెండు పట్టీల మధ్య గాడి కట్టాం. ప్లాంకింగ్ (పొట్టు మీద చెక్కపట్టీలు వేయడం) అయ్యేదాకా కీలును అందులోంచి తీయలేదు.
3. హంఫ్రీస్ పద్ధతిలోనే అడ్డుపలకల మధ్య పక్కకు నాలుగేసి ఏటవాలు పట్టీలు, 3 × 5 మి.మీ.
4. అణియం, అమరం దగ్గర ఖాళీల్లో పొణికి చెక్క దిమ్మలు నింపాం. కొండపల్లి బొమ్మలకు వాడే చెక్కే. తేలిక, ఉలికి వెన్నలా తెగుతుంది, పట్టీలు వంచేటప్పుడు పిన్ను గుచ్చితే పట్టుకుంటుంది.

ఆరు నెలల తర్వాత కొలిస్తే వంపు 0.3 మి.మీ. లోపే ఉంది.

ఈ దశ: 38 గంటలు, రూ. 3,400. మొత్తం: 84 గంటలు, రూ. 4,550.

దశ 3: ప్లాంకింగ్

అసలు పొట్టు మూడు పొరలు: లోపల తెల్ల ఓక్, నడుమ లైవ్ ఓక్ పక్కటెముకలు, బయట మళ్లీ తెల్ల ఓక్. నీటిగీత దగ్గర మందం 21 అంగుళాల దాకా. లైవ్ ఓక్ జార్జియా తీరంలోని సెయింట్ సైమన్స్ దీవి నుంచి నరికి తెచ్చారు. పక్కటెముకల మధ్య సందు రెండు అంగుళాలే ఉంచడంతో నడుమ పొర దాదాపు అచ్చమైన గోడ. గెరియర్ గుండ్లు తగిలి వెనక్కి రాలడం చూసి నావికులు ‘దీని పక్కలు ఇనుపవి’ అని అరిచారనీ, ఓల్డ్ ఐరన్‌సైడ్స్ అన్న పేరు అలా వచ్చిందనీ చెబుతారు. ఆ గోడ మన స్కేలులో 5.6 మి.మీ. నమూనాకు అంత అక్కర్లేదు. లోపలి పొర 1.5 మి.మీ., పైపొర 0.6 మి.మీ.

మొదటి ప్రయత్నంలో 31 పట్టీలు వేసి, మొత్తం ఊడదీశాం. కారణం తడి. పట్టీని నానబెట్టి, వంచి, తడిగానే తెల్ల జిగురుతో అంటించాం. ఎండాక ఒక్కో పట్టీ వెడల్పు తగ్గి, పట్టీల మధ్య 0.3–0.4 మి.మీ. సందులు తేలాయి. పుట్టీ పెట్టి కప్పొచ్చు. కానీ మీద రాగి అంటించాక గాలి తేమకు చెక్క కదిలితే ఆ సందు రాగి మీద గీతలా లేస్తుంది. అందుకే ఊడదీయక తప్పలేదు.

రెండోసారి చేసిన క్రమం:

1. పట్టీని వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టాలి.
2. పొట్టు మీదే వంచి, బట్టల క్లిప్పులతో, పిన్నులతో పట్టి రాత్రంతా వదిలేయాలి.
3. మర్నాడు తీస్తే వంపు నిలిచి ఉంటుంది, తడి ఉండదు. అప్పుడే చిత్రిక పట్టి అంచు సరిచేయాలి.
4. జిగురు పూసి బిగించాలి. ఎడమకొకటి, కుడికొకటి. ఒకే పక్క వరసగా నాలుగు వేస్తే కీలు ఆ పక్కకు గుంజుకుంటుంది.

వెడల్పు లెక్క: నడుమ అడ్డుపలక మీద కీలు నుంచి పైపట్టీ వరకు చుట్టుకొలత 120 మి.మీ. 5 మి.మీ. పట్టీలు 24. అణియం దగ్గర అదే దూరం 71 మి.మీ. 24తో భాగిస్తే 2.96. పట్టీ కొస సగం వెడల్పు కంటే, అంటే 2.5 కంటే సన్నబడకూడదని నియమం, కాబట్టి 24 పట్టీలూ అణియం దాకా వెళ్తాయి. అమరం దగ్గర మాత్రం 132 మి.మీ., అంటే 24 పట్టీలు వేసినా 12 మి.మీ. ఖాళీ మిగులుతుంది. అక్కడ రెండు పూర్తి పట్టీలు, ఒక సగం పట్టీ చొప్పించాం. ఈ లెక్క వేయకుండా కింది నుంచి పేర్చుకుంటూ పోతే పట్టీలు అణియం దగ్గర ఒకదాని మీదికొకటి ఎక్కుతాయి.

ఈ దశ: 121 గంటలు, రూ. 4,800. మొత్తం: 205 గంటలు, రూ. 9,350.

దశ 4: తుపాకి రంధ్రాలు, తుపాకులు

పేరుకు 44 తుపాకుల ఓడ. ఆ అంకె తరగతి పేరే తప్ప లెక్క కాదు. 1812 ఆగస్టులో హల్ దగ్గర ఉన్నవి: తుపాకి డెక్ మీద 24 పౌన్ల పొడుగు తుపాకులు 30, పై డెక్ మీద 32 పౌన్ల కారొనేడ్లు 24, ముందుకు కాల్చే 18 పౌన్లది 1. మొత్తం 55.

రంధ్రాలు పక్కకు 15. మూలమట్టం పెట్టి చతురస్రాలు గీసి కోస్తే తప్పుతుంది, తప్పింది. డెక్ అణియం, అమరం వైపు పైకి లేచే వంపులో ఉంటుంది. రంధ్రం కింది, పై అంచులు ఆ వంపుతో నడవాలి. నిలువు అంచులు మాత్రం నీటిగీతకు నిటారుగా ఉండాలి. అంటే కొసల దగ్గర రంధ్రం చతురస్రం కాదు, కాస్త నెట్టిన చతురస్రం. మొదటి ఆరు రంధ్రాలు డెక్ వంపుకు లంబంగా కోశాం. దూరం నుంచి చూస్తే తుపాకులు ఒకదాని మీదికొకటి వాలినట్టు కనిపించాయి. పూడ్చి మళ్లీ కోశాం. పనిచేసిన ఉపాయం: డెక్ గీత మీద సన్న పట్టీని పిన్నులతో వంచి నిలిపి, దాని మీద కార్డు అచ్చు జరుపుతూ గీయడం, నిలువు గీతలకు తూకం గుండు దారం.

తుపాకి గొట్టాలు: 24 పౌన్ల తుపాకి రంధ్రం 5.82 అంగుళాలు, స్కేలులో 1.54 మి.మీ., కాబట్టి 1.5 డ్రిల్ బిట్. 32 పౌన్ల కారొనేడ్‌ది 6.25 అంగుళాలు, 1.65 మి.మీ., కాబట్టి 1.6 బిట్. కారొనేడ్ పొట్టిది, పల్చనిది, కానీ రంధ్రం పెద్దది. ఆ తేడా నమూనాలో కంటికి తెలియాలి. రెండింటికీ ఒకే బిట్ వాడితే తెలియదు.

ఇత్తడి కడ్డీ మీద ఒక్కో రకానికి ఒక అసలు ప్రతి తిప్పి, సిలికోన్ అచ్చు తీసి, పాలీయురిథేన్ రెసిన్ పోశాం. మొదటి 18 పోతల్లో 13 పనికిరాలేదు. మూతి దగ్గర నురుగులా బుడగలు. అచ్చు లోపం అనుకుని అచ్చు మార్చినా అదే. అసలు కారణం తేమ: ఈ రెసిన్ నీటి ఆవిరితో కలిస్తే గ్యాసు పుడుతుంది. మార్చినవి:

1. అచ్చును 60 డిగ్రీల వేడిలో అరగంట ఆరబెట్టి, గోరువెచ్చగా ఉండగానే పోయడం.
2. సీసా తెరిచిన రోజే వాడేయడం. మిగిలితే సిలికాజెల్ పొట్లాలతో మూత గట్టిగా బిగించడం.
3. అచ్చును మూతి పైకి కాకుండా కిందికి పెట్టడం. బుడగ వెనుక కొసకు చేరుతుంది, ఆ కొస బండిలో దాగిపోతుంది.

ఆ తర్వాత 54 పోస్తే 4 పోయాయి. మొదటి విడతలో మిగిలిన 5తో కలిపి 55 సరిగ్గా సరిపోయాయి, వాటిలో ఒకటి 18 పౌన్ల తుపాకికి సన్నగా అరగదీశాం.

కారొనేడ్లకు చక్రాల బండ్లు పెట్టకండి. వాటి గొట్టం కింద జారుడు పలక ఉంటుంది. కాల్చినప్పుడు ఆ పలక మీదే వెనక్కి జారుతుంది. తుపాకి డెక్ మీద మాత్రం నాలుగు చక్రాల బండ్లు.

ఈ తుపాకుల సంఖ్య మీద ఇంత పట్టుపట్టడానికి కారణం ఉంది. గెరియర్ ప్రధాన తుపాకులు 18 పౌన్లవి. ఒక పక్క 15 తుపాకులు పేలితే అది విసిరేది 270 పౌన్లు, కాన్‌స్టిట్యూషన్ తుపాకి డెక్ ఒక్కటే 360. పై డెక్ కారొనేడ్లు 12 కలిస్తే ఇంకో 384. దగ్గరికి చేరేదాకా కాల్చవద్దని హల్ తన మనుషులను ఆపడం వెనుక లెక్క ఇదే. కారొనేడ్ దూరం నుంచి పనికిరాదు, దగ్గర నుంచి దానికి సాటి లేదు. గెరియర్ వెనుక మాస్ట్ (తెరచాప స్తంభం) మొదట పడింది, తర్వాత ముందుదీ నడుమదీ. కాన్‌స్టిట్యూషన్‌లో చనిపోయింది ఏడుగురు. గెరియర్‌ను రేవుకు తీసుకుపోయే స్థితి లేక మర్నాడు తగలబెట్టారు.

ఈ దశ: 143 గంటలు, రూ. 6,200. మొత్తం: 348 గంటలు, రూ. 15,550.

దశ 5: రాగి

రేకు కొలత 14 × 48 అంగుళాలు, స్కేలులో 3.7 × 12.7 మి.మీ. ఒకదాని అంచు ఒకటి కప్పాక కనిపించేది సుమారు 3.3 × 12.3, అంటే 40.6 చదరపు మి.మీ. నీటికింది పొట్టు వైశాల్యం నమూనాలో దాదాపు 994 చదరపు సెం.మీ. కాబట్టి అంచనా 2,448 ముక్కలు. వాడింది 2,610. ఎక్కువైన 162 అణియం దగ్గర, చుక్కాని చుట్టూ కోణంగా కోసినవి.

5 మి.మీ. వెడల్పు జిగురు రాగి టేపు తీసుకున్నాం. 3.7కి కోయకుండా, పైవరస కిందివరసను 1.7 మి.మీ. కప్పేలా వేస్తే కనిపించేది 3.3 సరిగ్గా వస్తుంది. ముక్కకు 13 మి.మీ. చొప్పున 34 మీటర్లు పట్టింది. 20 మీటర్ల చుట్టలు రెండు చాలు.

క్రమం: అమరం దగ్గర, కీలు దగ్గర మొదలుపెట్టి ముందుకీ పైకీ. ముందు ముక్క అంచు వెనుక ముక్క మీద పడాలి. లేకపోతే ఓడ నడుస్తుంటే నీరు అంచు కింద దూరి రేకు లేపుతుంది. నమూనా నీళ్లలోకి దిగదు, కానీ తెలిసినవాళ్ల కన్ను మొదట వెళ్లేది అక్కడికే.

మూడు వైఫల్యాలు:

మొదటిది, చెక్క మీద నేరుగా అంటించడం. పది రోజుల్లో అంచులు లేచాయి. చెక్కకు రెండు పూతల సీలర్, 400 నంబరు శాండ్‌పేపర్, దుమ్ము తుడిచి అంటిస్తే నిలిచింది. అంటించాక వెదురు పుల్లతో అంచుల వెంట నొక్కాలి.

రెండోది, మేకుల గుర్తులు. పళ్ల చక్రం దొర్లించి చూశాం. అసలు మేకు తల ఈ స్కేలులో పావు మి.మీ. చక్రం గుంట 0.7. బొప్పులు తేలినట్టు అసహ్యంగా వచ్చింది. 90 ముక్కలు పీకేసి, గుర్తుల్లేకుండానే వేశాం. 1:96లో కనిపించకపోవడమే నిజం.

మూడోది, పాతరంగు తెప్పించాలని వెనిగర్, ఉప్పు పూయడం. మచ్చలు పడ్డాయి, ద్రావణం అతుకుల్లోంచి దూరి జిగురును తినేసింది. ఇప్పుడు ఏమీ పూయడం లేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో వేలిముద్రలు తుడిచి గాలికి వదిలేశాం. రెండు నెలల్లో గోధుమరంగు తిరిగింది. తుడవని చోట వేలిముద్ర నల్లగా నిలిచిపోతుంది, కాబట్టి రబ్బరు తొడుగులు తప్పనిసరి.

ఆ కాలంలో రాగి ఎంత విలువైన సరుకో జావా సరుకు చూస్తే తెలుస్తుంది. 1812 డిసెంబర్‌లో ఈ ఓడ చేతిలో పోయిన ఆ ఫ్రిగేట్ బొంబాయికి బయలుదేరింది. అక్కడ కడుతున్న ఓడలకు రాగి తీసుకెళ్తోంది. అందులో ప్రయాణిస్తూ బందీగా పట్టుబడిన జనరల్ థామస్ హిస్లాప్ విడుదలయ్యాక 1814లో మద్రాసు సైన్యానికి ప్రధాన సేనాధిపతి అయ్యాడు. బ్రెజిల్ తీరంలో జరిగిన పోరుకూ అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీకీ మధ్య ముడి ఆ మనిషే.

ఈ దశ: 88 గంటలు, రూ. 1,700. మొత్తం: 436 గంటలు, రూ. 17,250.

దశ 6: రంగు

తుపాకి రంధ్రాల వరస మీద పట్టీని మొదట తెల్లగా వేశాం. బోస్టన్‌లో ఇప్పుడున్న ఓడ ఫొటోలు చూసి చేసిన పని అది. కోర్నే చిత్రాల్లో ఆ పట్టీ పసుపు మట్టి రంగు. దశ 1లో పెట్టుకున్న నియమాన్ని మనమే మరిచిన ఫలితం. తెలుపు మీదే పసుపు వేస్తే మరీ వెలుగుతోందని లేత గోధుమరంగు అడుగుపూత వేసి, దాని మీద రెండు పల్చని పూతలు.

మాస్కింగ్ టేపు అంచు కింద నల్లరంగు పాకింది. టేపు అంటించాక దాని అంచు మీద ముందు కింది రంగునే, అంటే పసుపునే, ఒక పూత వేయాలి. సందుల్లోకి పాకేది అదే కాబట్టి కనిపించదు. ఆరాక నలుపు వేస్తే గీత కత్తిలా వస్తుంది.

ఈ దశ: 31 గంటలు, రూ. 1,900. మొత్తం: 467 గంటలు, రూ. 19,150.

దశ 7: మాస్టులు

ఎత్తులు: ముందుది 198 అడుగులు, నడుమది 220, వెనుకది 172.5. స్కేలులో 628.7, 698.5, 547.7 మి.మీ. ఇవి సరిచూసుకోవడానికి మాత్రమే, కోయడానికి కాదు. ఒక్కో మాస్టు ఒకే కర్ర కాదు. మూడు ముక్కలు ఒకదాని ముందు ఒకటి కొంత మేర జతగా నిలబడతాయి. ఆ జత భాగాన్ని రెండుసార్లు లెక్కపెట్టడం వల్ల మా నడుమ మాస్టు 41 మి.మీ. ఎత్తెక్కింది. ప్లాను మీద ముక్క ముక్కగా కొలిచి కోయాలి.

బజారు గుండ్రని కర్రలు తాళ్లు బిగించగానే వంగాయి, నడుమ 1.8 మి.మీ. వాటిలో నార అడ్డంగా పోతోంది. ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడే అంకుడు కర్ర ఎండినది తెచ్చి, నార పొడవునా వచ్చేలా చీల్చి, లేత్ మీద తిప్పాం. నార సన్నం, చీలిక లేదు, 3 మి.మీ. లావుకు కూడా నిటారుగా నిలిచింది. పచ్చి కర్ర తేవద్దు. తిప్పిన వారంలో వంకర పోతుంది. యార్డ్‌లు అనే అడ్డకొయ్యలకు వెదురు. 1.5 మి.మీ. కంటే సన్నని కొసలకు దాన్ని మించింది లేదు.

ఈ దశ: 74 గంటలు, రూ. 1,350. మొత్తం: 541 గంటలు, రూ. 20,500.

దశ 8: తాళ్లు, ఇంకా సాగుతోంది

తెరచాపలు కట్టడం లేదు. కడితే తాళ్ల పని కనిపించదు.

నూలు దారంతో ముందు మాస్టు పక్కతాళ్లన్నీ కట్టాం. ఎండ రోజు సడలాయి, వాన రోజు మాస్టును గుంజాయి. తీసేసి పాలియెస్టర్ దారం మూడు పోగులు పేని వాడుతున్నాం. పేనిన తాడును గంటసేపు బరువు వేలాడదీసి సాగదీయాలి, లేకపోతే కట్టాక మెలిక విప్పుకుంటుంది. నిలువు తాళ్లకు తారు పూసిన ముదురు గోధుమ నలుపు, కదిలే తాళ్లకు లేత రంగు.

నిచ్చెన మెట్లలా కట్టే అడ్డతాళ్లు 4 మి.మీ. ఎడంతో, అంటే అసలు ఓడలో 15 అంగుళాలు. ఇక్కడ అందరూ చేసే తప్పే మేమూ చేశాం: ముడి బిగించిన కొద్దీ పక్కతాళ్లు లోపలికి గుంజుకుని, నిచ్చెన నడుమ సన్నబడి డమరుకంలా అయింది. వెడల్పు 52 మి.మీ. ఉండాల్సిన చోట 46. విప్పి, వెనుక గీతలు గీసిన తెల్ల కార్డు క్లిప్పులతో నిలిపాం. క్రమం:

1. ముందు అయిదు మెట్లకు ఒకటి చొప్పున కింది నుంచి పైదాకా కట్టాలి.
2. పక్కతాళ్లు కార్డు గీతల మీదే ఉన్నాయో లేదో చూడాలి.
3. తర్వాత మధ్యవి నింపాలి. రెండు చివర్లలో తప్ప ముడి గట్టిగా లాగకూడదు.
4. పలచన చేసిన తెల్ల జిగురు ఒక చుక్క. సూపర్ గ్లూ వాడితే తెల్ల మచ్చ పడుతుంది, తాడు పెళుసై విరుగుతుంది.

వెనుక మాస్టు తాళ్లకు ఇంకా చేయి పెట్టలేదు. గెరియర్ ముందుకు పొడుచుకొచ్చిన కొయ్య పోరులో వచ్చి చిక్కుకుంది ఆ తాళ్లలోనే. నమూనా మాత్రం ఆ రోజు తొలి గుండు పేలకముందు ఉన్న ఓడ కాబట్టి అవి చెక్కుచెదరకుండా, రెండు పక్కలా ఒకే బిగువుతో ఉండాలి. బిగువు కొలవడానికి 5 గ్రాముల తూకపురాయి తాడు నడుమ వేలాడదీసి, ఎంత దిగుతుందో చూస్తున్నాం. 1.5 మి.మీ. లోపు ఉంటే ఉంచుతాం, దాటితే విప్పుతాం.

ఇప్పటికి కట్టిన ముడులు: ముందు మాస్టు 1,140, నడుమ మాస్టు 860. విప్పి మళ్లీ కట్టినవి ఇందులో లేవు.

ఈ దశ ఇంతవరకు: 166 గంటలు, రూ. 2,700. మొత్తం: 707 గంటలు, రూ. 23,200.

మిగిలింది: నడుమ మాస్టు పై సగం నిచ్చెనలు, వెనుక మాస్టు మొత్తం, యార్డ్‌లు ఎక్కించడం, పడవలు, లంగర్లు. చుక్కాని చక్రం చేసి పెట్టాం, ఇంకా బిగించలేదు. అది జావా చక్రం రాకముందు ఉన్నది, కాబట్టి ఇప్పటి ఓడ ఫొటోతో కాకుండా పీబడీ ఎసెక్స్ నమూనా ఫొటోలతో పోల్చి చూశాకే బిగించాలి.